నొప్పి తెలియని వేలు

తెగిపోయిన వేలిని అతికించిన డాక్టరుగారి ఫోటో పేపర్లో పడుతుంది. ఆ వేలితో ఆ మనిషి మొదటిసారి చొక్కా బొత్తాం పెట్టుకున్న రోజున ఫోటో తీసేవాళ్ళు ఎవరూ ఉండరు. ఆ బొత్తాం రోజు కోసమే నేను విశాఖపట్నంలో ఇరవయ్యేళ్ళకు పైగా ఉద్యోగం చేశాను. ఇది ఫిర్యాదు కాదు. ఫోటో తీస్తామన్నా నేను ఒప్పుకునేదాన్ని కాదు. బొత్తాం పెట్టుకోవడానికి ఆ మనిషికి అర్ధగంట పడుతుంది, ఎవరైనా చూస్తుంటే గంట పడుతుంది.

నేను ఫిజియోథెరపిస్టుని. అందులోనూ చేతుల పని. రిటైరై మద్దిలపాలెంలో ఉంటున్నాను. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఆదివారాలు వచ్చి కూర్చుని, "మీ అనుభవాలు చెప్పండి మేడమ్" అంటారు. గెలిచిన కేసులు చెబుతానని వాళ్ళ ఆశ. గెలిచినవి చాలానే ఉన్నాయి గానీ వాటిలో నేర్చుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. సర్జన్ బాగా కుట్టాడు, పేషెంటు బుద్ధిగా చేశాడు, దేవుడు చల్లగా చూశాడు, అంతే. అందుకని నా చేతిలో పాడైన ఒక చెయ్యి గురించి రాస్తున్నాను. మనుషుల పేర్లు మార్చాను. తప్పు మాత్రం ఉన్నది ఉన్నట్టే రాశాను.

మాలీషు డాక్టరమ్మ

నేను చేరేనాటికి, అంటే తొంభైల మొదట్లో, మా పనేమిటో ఆసుపత్రిలోనే సగం మందికి తెలియదు. సెలైన్ స్టాండ్లు పడేసుకునే గది ఖాళీ చేసి నాకిచ్చారు. ఒక బల్ల, రెండు కుర్చీలు, బిగిసిన చేతులు ముంచడానికి మైనం కరిగించే తొట్టి. మిగతా సామాను నేనే పోగుచేసుకున్నాను. బియ్యం పోసిన బేసిను, గోళీలు, బట్టలారేసే క్లిప్పులు, పాత తాళంకప్పలు, ఆటోనగర్‌లో పనిచేసే ఒక పేషెంటు చెక్కకి బిగించి తెచ్చిచ్చిన నట్లూ బోల్టులూ. వార్డుల్లో నా పేరు మాలీషు డాక్టరమ్మ. మొదట్లో ఆ మాటకి ఒళ్ళు మండేది. "నేను మాలీషు చెయ్యను, నీ చేత పని చేయిస్తాను" అని దెబ్బలాడేదాన్ని. పోనుపోను ఊరుకోవడం అలవాటైంది.

ఈ ఊళ్ళో చేతులకి పని ఎక్కువ, గండాలూ ఎక్కువే. పోర్టులో గొలుసులు, రేకుల పనిలో కత్తెర మిషన్లు, ఫిషింగ్ హార్బర్లో ఇనుప తాళ్ళు. ఒకప్పుడు వేలు తెగితే కట్టు కట్టి పంపేసేవారు. మా సర్జన్ పట్నాయక్‌గారు ఎక్కడికో వెళ్ళి మైక్రోస్కోపు కింద రక్తనాళాలు కుట్టడం నేర్చుకొచ్చాక తెగిన వేళ్ళు మళ్ళీ అతకడం మొదలైంది. ఆయన పెద్దగా అరిచే మనిషి కాదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ మాట్లాడతారు. ఆ తుడవడం ఎంతసేపు సాగితే మన తప్పు అంత పెద్దదన్నమాట.

అతికించడం అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెబుతాను. ఎముకకి పిన్నులు వేసి నిలబెడతారు. వేలిని మడిచేవి, చాచేవి తాళ్ళలాంటివి ఉంటాయి, వాటిని టెండన్లంటాం. వాటిని కుడతారు. రక్తనాళాలు, స్పర్శ నరాలు కలుపుతారు. రక్తం ఆ రోజే వస్తుంది. కదలిక రావడానికి నెలలు పడుతుంది. స్పర్శ అన్నిటికంటే ఆఖరి చుట్టం. తెగిన నరం చివరి నుంచి రోజుకి బియ్యపు గింజంత కూడా పెరగదు, వేలి కొసకి చేరేసరికి ఏడాది తిరిగిపోవచ్చు. అన్నాళ్ళూ ఆ వేలు మన ఒంటి మీదే ఉంటుంది, దానికి ఏం జరిగినా మనకు కబురు అందదు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసి చేసిన తప్పే ఇప్పుడు చెప్పబోయేది.

దానయ్య

దానయ్య మరపడవ మీద కలాసీ. ముప్ఫై రెండేళ్ళుంటాయేమో. హార్బరు దాటి గంటైనా కాకముందే వల దింపుతుంటే కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు తాడు చుట్టే వించీ మీద ఇనుప తాడుకి చిక్కి మొదలంటా తెగిపోయాయి. తోటి కలాసీ ఆ రెండు వేళ్ళనీ తీసి, చద్దన్నం తెచ్చుకున్న ప్లాస్టిక్ కవరు కడిగి అందులో మూటకట్టి, చేపల ఐసు మధ్యలో పెట్టాడు. వేళ్ళకి ఐసు నేరుగా తగిలితే పాడైపోతాయి, కవరులో పెట్టి ఐసులో ఉంచాలి అని మేము ఫ్యాక్టరీల్లో బోర్డులు రాయించి పెట్టేవాళ్ళం. ఈయనకి ఆ బోర్డు చూపించినవాళ్ళు లేరు. "సేపల్లో కలిసిపోతాయని కవర్లో యేసినాను" అన్నాడట. ఏదైతేనేం, వేళ్ళు బతికే వచ్చాయి.

పట్నాయక్‌గారు పదకొండు గంటలు కూర్చుని రెండు వేళ్ళూ అతికించారు. మర్నాడు వెళ్ళి చూశాను. గోళ్ళ కింద గులాబీ రంగు. ఆ రంగు చూస్తే నాకు ఎన్నేళ్ళ తర్వాతైనా ఒకటే సంతోషం.

మూడో రోజున ఆ రంగు మారింది. చూపుడువేలు నల్లబడుతోందని సిస్టర్ పరిగెత్తుకొచ్చింది. పొగాకు ఈ వేళ్ళకి పరమ శత్రువు, సన్నటి రక్తనాళాలు ముడుచుకుపోతాయి. బీడీ తాగాడేమోనని దానయ్యని నిలదీశాను. తలగడ కింద, పరుపు కింద, టిఫిన్ క్యారేజీలో కూడా వెతికాను. ఏమీ లేదు. మంచం పక్కన చాప మీద వాళ్ళమ్మ పోలమ్మ కూర్చుని ఉంది. ఏం అడిగినా తల ఊపుతుందే తప్ప నోరు విప్పదు. మూడు రోజులుగా ఆవిడ నెమ్మదస్తురాలనే అనుకుంటున్నాను. అంతలో ఆవిడ ముక్కుల్లోంచి సన్నగా పొగ వచ్చింది.

అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు మా వైపు పెద్ద ఆడవాళ్ళు. నేను పుట్టింది ఎలమంచిలి. మా మేనత్త కాల్చేది. అయినా మూడు రోజులు కనిపెట్టలేకపోయాను, సిగరెట్లు బీడీలు వెతకడమే నాకు తెలిసిన వెతకడం.

"చుట్ట తీసెయ్యమ్మా, ఆ పొగకి మీవాడి వేలు చచ్చిపోతుంది" అన్నాను.

"నిప్పు నోట్లోనే ఉంది గదమ్మా. పొగ ఆడి కాడికి ఎలా ఎల్తాది?"

"ముక్కులోంచి వెళుతోంది."

ఆవిడ కాసేపు నన్ను చూసి, కొడుకు వేలు చూసి, చుట్ట నోట్లోంచి తీసి కిటికీ గట్టు మీద నలిపేసింది. "మా ఓడి ఏలు కన్నా సుట్ట ఎక్కువేటి" అంది. పెళ్ళయినప్పటినుంచీ కాలుస్తున్న చుట్ట అట. మళ్ళీ డిశ్చార్జి అయ్యేదాకా ముట్టుకోలేదు. ఒళ్ళంతా చిరచిర, రోజుకొకసారి నాతో తగువు, అయినా ముట్టుకోలేదు. ఆ వేలు మళ్ళీ గులాబీ రంగుకి వచ్చింది. అప్పటినుంచి నేను "సిగరెట్ తాగుతావా" అని అడగడం మానేసి, "ఈ మంచం చుట్టుపక్కల పొగ ఎవరెవరు తాగుతారు, ఎలా తాగుతారు" అని అడిగేదాన్ని.

నేనన్న మాట

ఏడో వారం. పిన్నులు తీసేశారు. దానయ్య వారానికి రెండుసార్లు జాలరిపేట నుంచి మా గదికి వచ్చేవాడు. చెప్పిన పని చెప్పినట్టు చేసే పేషెంటు. పది సార్లంటే పది సార్లే, తొమ్మిది కాదు, పదకొండు కాదు.

ఆ రోజు పొద్దున్న అతన్ని కళ్ళు మూసుకోమని గుండుసూదితో వేళ్ళ కొసలు గుచ్చి చూశాను. "తెలుస్తోందా?" అంటే "నేదమ్మా" అన్నాడు. చూపుడువేలు, మధ్యవేలు రెండిటికీ స్పర్శ లేదని ఫైల్లో రాశాను. అదే కలం బల్ల మీద పెట్టి, అదే నోటితో ఈ మాట అన్నాను: "వేళ్ళు ముడుచుకుపోతున్నాయి దానయ్యా. ఇంటి దగ్గర చెయ్యి బల్ల మీద ఆనించి మెల్లగా చాచు. ఎడంచేత్తో కొద్దిగా నొక్కు. నొప్పి మొదలైన చోట ఆపెయ్యి."

నొప్పి వచ్చిన చోట ఆపు అనే మాట నేను అప్పటికి కొన్ని వందల మందికి చెప్పి ఉంటాను. భుజం పట్టేసినవాళ్ళకి చెప్పాను, మోకాలు విరిగినవాళ్ళకి చెప్పాను. మంచి మాటే. నొప్పి తెలిసినవాళ్ళకి మంచి మాట. ఇప్పుడే గుండుసూది గుచ్చినా తెలియని వేలికి ఆ మాట చెప్పానన్న సంగతి నాకు తట్టలేదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని పెద్దవాళ్ళు అన్నది తగువుల గురించి. మా వృత్తిలో అది వైద్యం గురించి కూడా.

నాలుగో రోజున అతను వచ్చాడు. రావలసిన రోజు కాదు.

"నిన్న సాయంత్రం సాగదీత్తంటే టప్‌మందమ్మా. ముంజేతిలో ఏటో ఎనక్కి ఎలిపోయినట్టయింది" అన్నాడు.

చూపుడువేలు మడవమన్నాను. మధ్యవేలు మడిచాడు, ఉంగరం వేలు మడిచాడు. చూపుడువేలు కదల్లేదు. మడిచే టెండన్ తెగిపోయింది.

పట్నాయక్‌గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చూశారు. "ఎంత గట్టిగా లాగావయ్యా?" అన్నారు.

"నొప్పి వత్తే ఆపమన్నారు గదండి. రానేదు. మరి ఆపనేదు."

సార్ అప్పటికే చేతులు కడుక్కోవడానికి పంపు తిప్పారు. ఆ మాట ఆయన చెవిన పడినట్టు లేదు. నా చెవిన మాత్రం స్పష్టంగా పడింది. ఆయన తువ్వాలుతో తుడుచుకుంటూ నాతో అన్నారు: "తాళ్ళు లాగే మనుషులు సుభద్రా. వేలు కూడా తాడే అనుకుంటారు."

గదికి వచ్చి ఫైల్లో, చెప్పిన హద్దు మించి పేషెంటు సాగదీశాడని ఇంగ్లీషులో రాశాను. హద్దు నేను చెప్పనే లేదు.

తొమ్మిది రోజులు

అలా తొమ్మిది రోజులు ఊరుకున్నాను. పిల్లలకి చెప్పదలుచుకున్న అసలు మాట ఇదే, కాబట్టి దాచను. తప్పు చెయ్యడం కంటే ఆ తొమ్మిది రోజులే నాకు ఎక్కువ సిగ్గు. బస్సులో కూర్చున్నా అదే, అన్నం తింటున్నా అదే. ఏదో ఒక సర్దుబాటు దొరికేది. మధ్యవేలు బాగానే ఉంది కదా అని ఒకరోజు. మరీ అంత నొక్కమని ఎవరన్నారని ఇంకో రోజు. ఎవరి మనసుకి వాళ్ళు చెప్పుకునే అబద్ధాలకి సాక్షులు అక్కర్లేదు.

పదో రోజున దానయ్యతో అతని భార్య సత్తెమ్మ వచ్చింది. చేపల గంప అమ్ముకుని నేరుగా వచ్చినట్టుంది. నా ఎదురుగానే మొగుణ్ణి దులిపేసింది.

"అమ్మగోరు సెప్పినట్టు సేసుంటే బాగుపడీవోడివి. ఏలంటే బోటు తాడనుకున్నావేటి? బోటు డ్రైవరు కూడా అదే అంతన్నాడు, మొరటోడు, సేజేతులా సెడగొట్టుకున్నాడని. ఇంక నిన్ను బోటెక్కించేదెవులు?"

దానయ్య తల వంచుకుని మధ్యవేలితో గోళీలు ఏరుతున్నాడు. చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషికి మాట వినడన్న పేరు వచ్చింది, ఆ పేరు వార్డు దాటి, వీధి దాటి, బోటు దాకా వెళ్ళింది. పంపింది నేను.

ఆ మధ్యాహ్నమే సార్ గదికి వెళ్ళి జరిగింది చెప్పాను. గుండుసూది సంగతి, ఆ తర్వాత నేనన్న మాట, ఫైల్లో రాసిన రాత. ఆయన కళ్ళజోడు తీశారు. తుడుస్తారనుకున్నాను. తుడవలేదు, చేతిలోనే పట్టుకుని ఉండిపోయారు.

"ఆ మాట నేనూ అంటాను" అన్నారు చివరికి. "నిన్న రౌండ్స్‌లో ఆ బొటనవేలు అతికించిన కుర్రాడితో కూడా అన్నాను." లేచి వార్డుకి వెళ్ళిపోయారు, దాదాపు పరుగే. ఆ కుర్రాడి వేలు దక్కింది. తిరిగొచ్చాక నాతో, "ఫైల్లో రాసింది నువ్వే, కొట్టెయ్యాల్సిందీ నువ్వే. కొట్టేసి ఆ మనిషికి చెప్పు" అన్నారు.

చెప్పాను. మా గదిలోనే, దానయ్య, సత్తెమ్మ, పోలమ్మ ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాను. దానయ్య తప్పు లేదు, ఆ వేలికి నొప్పి తెలియదని నాకు తెలుసు, తెలిసీ నొప్పి వచ్చేదాకా అన్నాను అని. తిడతాడనుకున్నాను. అతను నా వైపు చూడనే లేదు. భార్య వైపు తిరిగాడు.

"ఇన్నావేటి? నాను సెప్పినట్టే సేసినాను" అన్నాడు. అతనికి కావలసింది ఆ ఒక్క మాటే.

ఊరుకోనిది పోలమ్మ. లేచి నిలబడి, చాలా నెమ్మదిగా అంది: "మా ఓడు సదూకోనేదు తల్లీ. నువ్వు సదూకున్నావు గదా."



ఆ వేలు ఎవరికి కావాలి

తెగిన టెండన్ బాగుచెయ్యడానికి దారి ఉంది. రెండు ఆపరేషన్లు, మధ్యలో నెలల తరబడి కసరత్తు, మొత్తం మీద ఇంకో ఏడాది సముద్రానికి దూరం. సార్ వివరంగా చెప్పారు. దానయ్య ఆలోచించుకుని వస్తానని వెళ్ళి, పది రోజుల తర్వాత వచ్చి నాతో అన్నాడు:

"ఈ ఏలు తీయించీండమ్మా."

నేను కస్సుమన్నాను. పదకొండు గంటల కష్టం అన్నాను, దేవుడిచ్చిన వేలన్నాను, ఏడాది ఎంతలో తిరుగుతుందన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. అతను అన్నీ విని, "అది ఏటీ సెయ్యదు. నన్నూ ఏటీ సెయ్యనీదు" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. పాతనగరంలో చెప్పులు కుట్టే రహీం భాయ్ దగ్గరికి వెళ్ళాను. మా పేషెంట్లకి వేళ్ళు నిలబెట్టే పట్టీలు, తోలు తొడుగులు ఆయనే చేసిచ్చేవాడు, విదేశీ కేటలాగుల్లో బొమ్మ చూపిస్తే సాయంత్రానికి అచ్చు దింపేసేవాడు. దానయ్యకి అప్పటికే రెండు కుట్టిచ్చాడు. చూపుడువేలిని మధ్యవేలికి జతకట్టి ఉంచే తొడుగు కావాలని గీసి చూపించాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కుడతాను మేడమ్, ఫికర్ లేదు. ఇది మూడో తొడుగు కదా ఆయనకి? చెప్పులో మేకు పైకి లేస్తే మెత్త వెయ్యమంటారు జనం. ఒకటి వేస్తాం, రెండు వేస్తాం. తర్వాత మేకే పీకాలి."

ఆ మాటకి కోపం వచ్చింది. తొడుగు తీసుకుని నేరుగా హార్బరుకి వెళ్ళాను, అక్కడే తొడిగి చూపించాలని. దానయ్య గట్టు మీద కూర్చుని మరో ముసలాయనతో కలిసి వల బాగుచేస్తున్నాడు. నన్ను చూడలేదు. నేను పడవ చాటున నిలబడి చూశాను. బొటనవేలు, మధ్యవేలు దారం పట్టుకుని చకచకా ముడి వేస్తున్నాయి. ఆ మధ్యవేలుతో అంత నాజూకు పని మా గదిలో ఎప్పుడూ చేయించలేదు నేను. చూపుడువేలు మాత్రం నిటారుగా నిలబడి ప్రతి వల కన్నులోనూ చిక్కుకుంటోంది. ప్రతిసారీ ఎడంచేత్తో దాన్ని విడిపించి మళ్ళీ మొదలుపెడుతున్నాడు. విసుక్కోవడం లేదు. ఈగని తోలినట్టు తోలుతున్నాడు.

పక్కన ముసలాయన అన్నాడు: "మా బావ ఏలు సముద్రం కేసి దారి సూపిత్తంది గానీ, ఈడే ఎల్డం నేదు."

దానయ్య నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అప్పుడు తెలిసింది. ఆ వేలు దానయ్యకి అక్కర్లేదు. అది నాకు కావాలి. అది మళ్ళీ మడుచుకుంటే నా తప్పు మాసిపోతుంది, అందుకోసం ఒక మనిషిని ఇంకో ఏడాది ఒడ్డున కూర్చోబెట్టాలని చూస్తున్నాను. ఫైల్లో రాత కొట్టేశాక నా పాపం తీరిపోయిందనుకున్నాను, అది వేషం మార్చుకుని వచ్చిందంతే. తొడుగు సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

మర్నాడు సార్‌కి చెప్పాను. ఆయన సుతరామూ ఒప్పుకోలేదు.

"అతికించిన వేలు మళ్ళీ నేనే కొయ్యాలా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. దానికోసం పదకొండు గంటలు కూర్చున్నాను సుభద్రా."

"తెలుసు సార్. దాన్ని పాడుచేసింది నేను. అందుకే నేనే అడుగుతున్నాను. ఒక్కసారి అతన్ని పని చేస్తుండగా చూడండి."

గురువారం ఓపీ అయ్యాక దానయ్యని వల ముక్కతో రమ్మన్నాను. సార్ గదిలో నేల మీద కూర్చుని, వల కొస కాలి బొటనవేలికి తగిలించుకుని, కన్ను తర్వాత కన్ను అల్లడం మొదలుపెట్టాడు. చూపుడువేలు చిక్కుకుంది. విడిపించాడు. చిక్కుకుంది. విడిపించాడు. పదో కన్నో పన్నెండో కన్నో అయ్యాక సార్ కుర్చీలోంచి దిగి అతని పక్కన నేల మీద కూర్చున్నారు. తన వేలితో ఆ చూపుడువేలిని పక్కకి ఎత్తి పట్టుకున్నారు. దానయ్య చెయ్యి ఒక్కసారిగా జోరందుకుంది. సార్ అలా ఎత్తి పట్టుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. తర్వాత డైరీ తెప్పించుకుని ఆపరేషన్‌కి తేదీ వేశారు.

సముద్రం మీద

వేలు తీసేశాక చెయ్యి నాలుగు వేళ్ళతో పొందికగా కుదిరింది. ఎవరైనా చెబితే తప్ప తేడా కనిపెట్టలేరు. మూడు నెలలకి దానయ్య బోటెక్కాడు. అదే బోటు, అదే డ్రైవరు. ఆ డ్రైవరు దగ్గరికి నేనే వెళ్ళి, చెయ్యి చెడింది నా వల్లనని చెప్పివచ్చాను. ఆయన టీ ఇప్పించాడు.

అంతా శుభం అని రాయను. అతికించిన మధ్యవేలికి చలి పడదు. ఐసు పెట్టె దగ్గరికి వెళితే పళ్ళు కొరుక్కునేంత పీకుడు. అది తగ్గుతుందని చాలామంది పేషెంట్లకి చెబుతారు. కొందరికి తగ్గుతుంది, దానయ్యకి పెద్దగా తగ్గలేదు. ఉన్ని తొడుగు మీద రబ్బరు తొడుగు వేసుకుని, ఐసు పని తోటివాళ్ళకి వదిలి, వాళ్ళ వంతు తాళ్ళ పని తను చేసేవాడు. చెయ్యి అంటే అలాంటి సర్దుబాటే. వేలు ఎంత మడిచిందో నేను కొలిచిన కోణాలన్నీ కలిపినా ఆ సర్దుబాటు అంత విలువ చెయ్యవు.

ఏటా వేసవిలో వేట నిషేధం వస్తుంది, మరపడవలు ఒడ్డునే ఉంటాయి. ఆ రోజుల్లో మా గదికి రమ్మని దానయ్యని అడిగాను, కొత్త పేషెంట్లతో మాట్లాడ్డానికి. నేను ఏడాది పడుతుందంటే వాళ్ళు ఏడుస్తారు. అదే మాట దానయ్య చెబితే తలూపుతారు. చాలా వేసవులు వచ్చాడు.

ఒక వేసవి, ఆటోనగర్‌లో రేకులు కత్తిరించే మిషన్ మీద పనిచేసే సత్తిబాబు అనే అబ్బాయికి అతికించిన రెండు వేళ్ళకీ పిన్నులు తీశారు. చాచడం మొదలుపెట్టాల్సిన రోజు. నా వెనక ఇద్దరు ట్రెయినీలు నోటు పుస్తకాలతో నిలబడ్డారు. దానయ్య ఆ అబ్బాయి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"తమ్ముడూ, ఈయమ్మ సెప్పిందల్లా సెయ్యి" అన్నాడు. "ఒక్కటి మటుకు ఇనకు. నొప్పి వచ్చేదాకా లాగమంటే లాగకు. నీ ఏలుకి ఇంకా నొప్పి తెల్దు, సచ్చినా సెప్పదు. కళ్ళతో సూడు. సరమం బిగిసి తెల్లబడితే అక్కడ ఆపీ. నాకీ మాట సెప్పినోల్లు నేక ఒక ఏలు పోనాది. ఈయమ్మే నొప్పి వచ్చేదాకా అంది."

ట్రెయినీలు రాయడం ఆపేశారు. ఒకమ్మాయి నేల చూపులు చూస్తోంది. దానయ్య గొంతులో కోపం లేదు, నన్ను నొప్పించాలనీ లేదు. దారిలో గొయ్యి ఉందని వెనకవాళ్ళకి చెప్పినట్టు చెప్పాడు. నా చెవులు వేడెక్కాయి. అయినా ఆపాలనిపించలేదు.

సత్తిబాబు అతని నాలుగు వేళ్ళ చెయ్యి చూసి, నా మొహం చూశాడు.

"నిజమేనా అమ్మా? మీరే అలా సెప్పినారా?"

"నేనే చెప్పాను" అన్నాను. "ఇప్పుడు ఆయన చెప్పినట్టు చెయ్యి."